నిద్రపుచ్చి వెళ్ళిన పొద్దులు

తిరుపతిలో మేము అద్దెకున్న ఇంటికి నాలుగిళ్ళ అవతల ఒక భజన మందిరం ఉండేది. దాని మీద తుప్పు పట్టిన మైకు గొట్టం సరిగ్గా మా వాకిలి వైపే నోరు తెరుచుకుని ఉండేది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ మైకును నేను తిట్టని తిట్టు లేదు. ఊరింకా చీకట్లో ఉండగానే మందిరం పెద్దాయన రికార్డు పెట్టేవాడు. పాటకన్నా ముందు సూది గీరుకునే చప్పుడు వచ్చేది, ఆ గీరుడుకే నాకు మెలకువ వచ్చేసేది. దేవుడు లేస్తాడో లేదో గానీ నన్ను మాత్రం లేపి కూర్చోబెడుతున్నారు అని గొణుక్కునేదాన్ని. బిడ్డ పుట్టాక అదే మైకు మాకు గడియారమైంది.

మొదట్లో ఇంట్లో అలారం టైంపీసు ఉండేది. అది మోగితే నాకన్నా ముందు పిల్లవాడు లేచేవాడు. లేచి, ఇల్లు ఎగిరిపోయేట్టు ఏడ్చేవాడు. మా అత్త ఒకటి రెండు పొద్దులు ఓపిక పట్టింది. తర్వాత ఆ టైంపీసును పాత తువ్వాలులో చుట్టి బియ్యం డబ్బాలో కుక్కేసింది. బియ్యం ముంచుకున్నప్పుడల్లా అడుగు నుంచి టిక్కుటిక్కుమని వినిపించేది. కీ ఇచ్చేవాళ్ళు లేక కొన్నాళ్ళకు అదీ ఆగిపోయింది. నా చేతివాచీ పిల్లవాడి ఒళ్ళు గీరుతోందని ఆఫీసు సొరుగులో పెట్టేశాను. మా ఆయన వాచీ ఆయన చేతికే, ఆయనతోపాటే చిత్తూరులో ఉండేది. అక్కడొక ఆఫీసులో గుమాస్తా ఆయన. శనివారం సాయంత్రం బస్సు దిగి సోమవారం మొదటి బస్సుకు వెళ్ళిపోయేవాడు. అలా మా ఇంట్లో టైము చెప్పేది మైకు ఒక్కటే.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంకు బోర్డు దగ్గర ఆపరేటర్ని. అప్పట్లో ఇంకో ఊరికి ఫోను చేయాలంటే ముందు మాకు చెప్పి, మేము కలిపేదాకా కాచుకోవాలి. కొండకు వచ్చినవాళ్ళంతా లాడ్జీల్లో దిగి, దర్శనం అయిందనో, డబ్బు పంపమనో, పెద్దాయనకు ఒంట్లో బాగాలేదనో ఊళ్ళకు మాట్లాడాలనేవాళ్ళు. తెల్లవారిందంటే బోర్డు మీద దీపాలు ఒకదాని వెంట ఒకటి వెలిగేవి. ఆ ఉద్యోగం అంటే నాకు ప్రాణం. ఎవరి సిఫారసూ లేకుండా పరీక్ష రాసి తెచ్చుకున్నది. చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని కూర్చుంటే ఎంత పెద్ద మనిషైనా నా గొంతు కోసం ఎదురుచూడాల్సిందే. ఇంట్లో నా మాట కోసం అలా ఎవరూ ఎదురుచూడలేదు.

పురిటి సెలవు అయిపోయేసరికి వాడింకా బోర్లా కూడా పడలేదు. పొద్దున డ్యూటీ కావాలని సూపర్‌వైజరును బతిమాలి తీసుకున్నాను. చీకటితో వెళితే మధ్యాహ్నం భోజనం వేళకు ఇంటికి చేరవచ్చు. బిడ్డను చూసుకోవడానికి సత్యవేడు పక్కన ఉన్న పల్లె నుంచి మా అత్త వచ్చింది. మామ పోయాక ఆమె ఒక్కతే ఉండేది. ఒక సంచీ, ఒక సాంబ్రాణి డబ్బా, ఆముదం సీసా పట్టుకుని బస్సు దిగింది. సగం తెలుగు, సగం అరవం మాట్లాడేది. తక్కువ మాట్లాడేది.

వెళ్ళేముందు నేను మా ఆయనకూ అత్తకూ ఇద్దరికీ వినబడేట్టు ఒక మాట చెప్పాను. "నేను లేనప్పుడు వాడు పాలకు ఏడుస్తాన్నాడని తెలిసిన రోజే రాజీనామా ఇచ్చేస్తా. బిడ్డను ఏడిపించి చేసే ఉద్యోగం నాకొద్దు."

"సరే, చూద్దాం. కుదరకుంటే మానేద్దువులే" అన్నాడు మా ఆయన, మానేస్తే తనకేమీ బెంగ లేదన్నట్టు. అత్త ఉయ్యాల తాడు ముడి బిగిస్తూ ఉండిపోయింది. ఆమె మౌనం నాకు నచ్చలేదు. ఈమె కూడా నేను మానేస్తే బాగుండునని చూస్తోందని అప్పుడే మనసులో ముద్ర వేసేసుకున్నాను.

పొద్దుటి పని ఎలా నడవాలో మాత్రం అత్తే నేర్పింది. "పిల్లోడు సూస్తా ఉండంగా గడప దాటగూడదు పాపా. బెంగ పెట్టుకుంటాడు. నీళ్ళు పోసి, పాలిచ్చి, పండబెట్టు. కన్ను మూసినాక పిల్లి మాదిరి పో. లేసేతలికి నువ్వు వచ్చేస్తావు" అంది. మామూలుగా పసిబిడ్డకు ఎండపొడ వచ్చాక కదా నీళ్ళు పోస్తారు. నాకోసం ఆమె తన పద్ధతి మార్చుకుని చీకట్లోనే పోసేది.

మైకులో సూది గీరుకోగానే నేను లేచి కిరసనాయిలు స్టవ్వు వెలిగించాలి. మొదటి పాట అయ్యేలోగా కాగులో నీళ్ళు కాగాలి. రెండో పాటకు అత్త గోడకు ఆనుకుని, కాళ్ళు చాపి, వాణ్ణి కాళ్ళ మీద పడుకోబెట్టుకునేది. నేను చెంబుతో నీళ్ళు అందించాలి. ఎక్కువ వేడైతే తిట్టేది, చల్లారితే ఇంకా తిట్టేది. ఆముదం రాసి, సున్నిపిండితో నలిచి, ముక్కు నిలబెట్టి, తల గుండ్రంగా నిమిరి, చెవి వెనక, చంకల కింద, ఒక్క మడత కూడా వదిలేది కాదు. వాడు గుక్కపట్టి ఏడ్చేవాడు. నీళ్ళు పోసేటప్పుడు ఏ బిడ్డైనా ఏడుస్తుంది కాబట్టి ఆ ఏడుపు నా లెక్కలోకి వచ్చేది కాదు. తర్వాత సాంబ్రాణి పొగ. ఆ పొగ వాసనతోనే వాణ్ణి నా ఒళ్ళోకి తోసేది. నేను ఒక చేత్తో వాడికి పాలిస్తూ, ఇంకో చేత్తో రాత్రి మిగిలిన అన్నం కలుపుకుని తినేదాన్ని. కొంగు మీద ఎన్ని మెతుకులు పడేవో. వాడు నిద్రలోకి జారగానే అత్త చేతులు చాపేది. చీర మార్చుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, సొంత ఇంట్లో దొంగలా బయటపడేదాన్ని. వీధి చివర చెప్పులు తొడుక్కునేదాన్ని. వీధిలో వాళ్ళు ఏమనుకున్నారో నాకు తెలియదు గానీ, టీ అంగడి దగ్గర కూర్చునే ముసలాయన మాత్రం రోజూ ఒకసారి నా చెప్పుల వంక చూసేవాడు.

ఎక్స్ఛేంజి పెద్ద దూరం లేదు. చేరగానే హెడ్‌సెట్ తగిలించుకుని మొదట చిత్తూరు లైను పరీక్ష చేసేదాన్ని. అవతల ఒక ఆపరేటర్ అక్క ఉండేది. ముఖం ఎప్పుడూ చూడలేదు. గొంతు మాత్రం మా ఇంట్లో మనిషి గొంతంత తెలుసు. "తిరుపతా? గుడ్ మార్నింగమ్మా. పిల్లోడు పడుకున్నాడా?" అని అడిగేది. "పడుకున్నాడక్కా" అనేదాన్ని. "అదృష్టం నీది. మావాళ్ళు ముగ్గురూ రాక్షసులు" అనేది. ఆ తర్వాతే మొదటి ట్రంకు కాలు. ఆ మాట అడిగించుకుంటే గానీ నాకు పొద్దు మొదలైనట్టు ఉండేది కాదు.

మధ్యాహ్నం ఇంటికి పరుగెత్తి రావడం, చేతులు కూడా కడగకుండా అడగడం. "ఏడ్చినాడా అత్తా?"

"యాడ ఏడస్తాడు? రాజా మాదిరి పడుకోనుండె. లేసి రోంత పాలు తాగినాడు, ఆడుకున్నాడు" అనేది.

"ఉగ్గుగిన్నెతో తాగినాడా?"

"తాగకుండా ఏం చేస్తాడు?"

నాకు ప్రాణం కుదుటపడాలి కదా. పడేది. పడిన వెంటనే ఉడుకుమోత్తనం వచ్చేది. ఇంతసేపు నేను లేకపోతే వీడికి పట్టనే పట్టదా? నేనక్కడ రవిక కింద గుడ్డ మడిచి పెట్టుకుని, పాలు గడ్డకట్టి రాళ్ళలా నొప్పి పుడుతుంటే, అవతల ఎవరో మద్రాసు కలపలేదని అరుస్తుంటే ఓర్చుకుని కూర్చున్నానే! వీడు రాజాలాగా పడుకున్నాడట. ఏడిస్తే మానేస్తానన్నదాన్ని, ఏడవలేదంటే అలిగేదాన్ని. తల్లి మనసు అంత వంకర మనసు ఇంకోటి ఉండదు. వాణ్ణి ఒళ్ళోకి తీసుకోగానే మాత్రం వాడు ఊపిరి తిప్పుకోకుండా తాగేవాడు. ఆ తాగుడు చూసి కొంచెం అనుమానం రావాల్సింది. రాలేదు.

అనుమానం వేరే వాటి మీద వచ్చింది. అత్త గొంతు మధ్యాహ్నానికి బొంగురుపోయి ఉండేది. అడిగితే మంచు అనేది. నేను రాత్రి కట్టుకుని విడిచిన చీర ఉతకడానికి బకెట్లో వేస్తే, వచ్చేసరికి బకెట్లో ఉండేది కాదు. అత్త చాప కింద మడిచి కనిపించేది. "నా చీర ఎందుకత్తా?" అంటే, "సలి. కప్పుకున్నా" అంది. దుప్పటి ఉంది కదా అని నేను. "నీ చీర మెత్తగుండాది" అని ఆమె. విడిచిన చీర కప్పుకోవడం ఏమిటో, ఈమెకు కొంచెం చాదస్తమని సర్దుకున్నాను. ఇంకో సంగతి, వాణ్ణి ఇచ్చేటప్పుడు ఆమె చేతులు ఆలస్యంగా వదిలేవి. బిడ్డను తనవాణ్ణి చేసుకుంటోంది, నేను పాలిచ్చే మనిషిని మాత్రమే అవుతున్నాను అని ఒక శనివారం మా ఆయన దగ్గర ఏడ్చాను కూడా. ఆయన "అమ్మ అట్లాంటిది కాదులే" అని అటు తిరిగి పడుకున్నాడు. మగవాళ్ళకు ఈ రెండు కొసల మధ్య నిలబడడం ఎంత కష్టమో నాకిప్పుడు అర్థమవుతుంది గానీ, ఆ రోజు ఆ వీపు చూస్తే ఒళ్ళు మండిపోయింది.

ఆ చలికాలంలో ఒక పొద్దున మైకులో సూది గీరుకుంది. లేచాను. ఒళ్ళంతా సీసం పోసినట్టు బరువు. ఇప్పుడే కదా కళ్ళు మూసుకున్నాను అనిపించింది. పసిబిడ్డ ఉన్న ఇంట్లో రోజూ అలాగే అనిపిస్తుంది కాబట్టి పట్టించుకోలేదు. స్టవ్వు వెలిగించాను. మైకులో పాట వేరేది వస్తోందని చెవికి తగిలింది గానీ తలకు ఎక్కలేదు. అత్త కూడా కాళ్ళు చాపి కూర్చుని కునికిపాట్లు పడింది. ఆమె అలా కునకడం నేనెప్పుడూ చూడలేదు. వాడు నీళ్ళకు ఏడ్చాడు, పొగకు తుమ్మాడు, పాలు తాగాడు, నిద్రపోయాడు. నేను చెప్పులు చేత్తో పట్టుకుని బయటపడ్డాను.

బయట ఇంకా చిమ్మచీకటి. మంచు వల్ల అనుకున్నాను. కొండ మీద మెట్ల దారి దీపాలు కూడా మసకగా ఉన్నాయి. టీ అంగడి మూసి ఉంది. నా చెప్పుల వంక చూసే ముసలాయన లేడు. అప్పుడైనా ఆగి ఆలోచించాల్సింది. ఆలస్యమైతే సూపర్‌వైజరు పొద్దున డ్యూటీ తీసేస్తాడన్న భయంలో ఇంకా వేగంగా నడిచాను.

ఎక్స్ఛేంజిలో రాత్రి డ్యూటీ చేసే పెద్దాయన నన్ను చూసి హెడ్‌సెట్ తీసేశాడు.

"ఏందమ్మా, నా డ్యూటీ గూడా నువ్వే చేస్తావా?"

నేను గోడ గడియారం చూశాను. అది ఆగిపోయిందేమోనని సొరుగు లాగి నా వాచీ చూశాను. రెండూ ఒకటే చెప్పాయి. నేను గంట ముందు వచ్చాను.

"మైకు పెట్టినారే" అన్నాను, చిన్నపిల్ల నేరం చెప్పినట్టు.

ఆయన నవ్వాడు. "ఈ పొద్దు ధనుర్మాసం పట్టింది గదమ్మా. గుళ్ళల్లో గంట ముందే మేలుకొలుపు. నెలంతా ఇట్లే. దేవుణ్ణే తొందరగా లేపుతారు, నిన్ను లేపరా? పో, ఇంటికి పో. బిడ్డ తావ ఇంకో కునుకు తీసి రా. అంతదాకా నేనుండాను."

తిరుపతిలో ఉంటూ ధనుర్మాసం పట్టిన సంగతి తెలియకపోవడం అంటే, సముద్రం ఒడ్డున ఉంటూ నీళ్ళు చూడకపోవడమే. సిగ్గుపడుతూ వెనక్కి తిరిగాను. సిగ్గుకన్నా సంతోషమే ఎక్కువ. నాకు గంట దొరికింది. చాలాకాలం తర్వాత నాకు, వాడికి మధ్య ఏ పాటా, ఏ చెంబూ, ఏ పరుగూ లేని గంట. వాణ్ణి పక్కన వేసుకుని ఊరికే పడుకుంటాను, వాడు నిద్రలో నవ్వడం చూస్తాను అనుకుంటూ వచ్చాను. ఇంటికి దగ్గర పడ్డాక అలవాటుగా చెప్పులు చేతిలోకి తీసుకున్నాను.

మూడిళ్ళ ఇవతలే వినిపించింది. పసిబిడ్డల ఏడుపు అన్నీ ఒకటే అంటారు. కాదు. నా రవికకు తెలిసిపోయింది. నాకు అర్థమయ్యేలోపే పాలు చేపుకొచ్చి ముందరంతా తడిసింది.

వీధి వైపు కిటికీ రెక్క ఒకటి తెరిచి ఉంది. లోపల దీపం వెలుగుతోంది. ఎందుకో నేను తలుపు తోయలేదు. కిటికీ దగ్గర ఆగాను.

అత్త నా రాత్రి చీర భుజాల మీద కప్పుకుని, వాణ్ణి అందులో చుట్టుకుని గోడ నుంచి గోడకు నడుస్తోంది. వాడు నోరంతా తెరిచి ఏడుస్తున్నాడు. నీళ్ళు పోసినప్పటి ఏడుపు కాదది. తల అటూ ఇటూ తిప్పుతూ, చీరలో ముక్కు రుద్దుతూ, నా వాసన దొరికి నేను దొరక్క ఏడ్చే ఏడుపు. ఆమె కూర్చుంది. ఉగ్గుగిన్నె తీసి పెదవికి ఆనించింది. వాడు ఉఫ్‌మని ఊసేశాడు. ఇంకోసారి ఆనించింది. ఇంకోసారి ఊశాడు. ఆమె గిన్నె పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, ఎప్పుడో ఎండిపోయిన తన రొమ్ము వాడి నోటికి అందించింది. వాడు పట్టుకున్నాడు. ఏడుపు ఆగింది. అందులో ఏమీ లేదని తెలిసేదాకా చీకాడు. తెలిసి మళ్ళీ ఏడ్చాడు. ఆమె ఇంకో వైపు తిప్పుకుంది.

"సప్పరించు నాయనా, ఊరికే సప్పరించు. ఏమీ లేదు, నాకూ తెలుసు" అంటోంది. "పొద్దన్నే ఇదే పని అయిపోయె నీకు. మీయమ్మ ఉన్నంతసేపు బంగారు మాదిరి ఉంటావు. గడప దాటితే సాలు, అలారం పెట్టినట్టు లేస్తావు. ఎండొచ్చేదాకా ఏడ్సు. ఎండొచ్చినాక నువ్వే అలిసిపోయి రోంత తాగుతావు. నేను మాత్రం సెప్పను. సెప్తే ఆయమ్మ పని మానేస్తాదిరా. సదువుకున్న బిడ్డ. మానుకుంటే మళ్ళీ యాడొస్తాది?"

నేను ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.  ఇన్నాళ్ళూ నేను మానేస్తే బాగుండునని ఎదురుచూస్తోందని అనుకున్న మనిషి, నేను మానకూడదని రోజూ నాకు అబద్ధం చెప్పి, రోజూ ఆ ఏడుపంతా ఒంటిమీద వేసుకుంటోంది. నాకు ఏడుపు వచ్చింది. దుఃఖమో, కోపమో, ఆమె కాళ్ళ మీద పడాలన్న కోరికో, మూడూ కలిసి వచ్చాయి.

తలుపు తోశాను. ఆమె గబుక్కున కొంగు లాక్కుంది. దొరికిపోయిన మనిషి ముఖం.

"యాందట్లొచ్చినావు? ఒంట్లో బాగలేదా?"

నేను వాణ్ణి తీసుకుని అక్కడే నేల మీద కూర్చుని పాలిచ్చాను. వాడు వెక్కుతూ, మింగుతూ, మధ్యలో ఆగి నన్ను చూసి మళ్ళీ వెక్కుతూ తాగాడు. చిన్న పిడికిలితో నా తాళి పట్టుకున్నాడు, వదలలేదు.

"రోజూ ఇంతేనా అత్తా?"

ఆమె నేల వైపు చూసింది. "రోజూ ఇంతే."

"నాకెందుకు చెప్పలేదు?"

"సెప్తే మానేస్తానంటివి గదా."

"మానేస్తాను. ఇంక చాలు. ఈ పొద్దే రాసిచ్చేస్తాను" అన్నాను. ఆ క్షణంలో నిజంగానే అనుకున్నాను. ఏ ట్రంకు బోర్డూ, ఏ జీతమూ ఈ వెక్కిళ్ళకు సాటి రావనిపించింది.

అత్త ఉగ్గుగిన్నె కడిగి బోర్లించింది. తర్వాత వచ్చి నా ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె అంతసేపు మాట్లాడడం నేను వినడం అదే మొదటిసారి.

"నీ మొగుడు ఈడంత ఉన్నప్పుడు నేను నాట్లకు పోతాంటి. గట్టు మింద తుమ్మకొమ్మకు జోలె కట్టి అందులో యేసేసి కయ్యలోకి దిగేది. వాడు ఏడస్తానే ఉంటాడు. నాకు ఇనపడతానే ఉంటాది. వరస మధ్యలో వదిలేసి యెట్లొచ్చేది? మునుం అయ్యేదాకా రాగూడదు. ఏడ్సి ఏడ్సి పండుకుంటాడు. పొయ్యి సూస్తే మొగమంతా సీమలు. ఎత్తుకునేదానికి ఒక మనిషి లేదు నాకు. మా అత్త అప్పుటికే పోయినాది. అట్ల ఏడ్సినాడని నీ మొగుడేం సెడిపోయినాడు? సెడిపోలా. నాకే ఇంకా ఇనపడతా ఉంటాది." ఆమె వాడి అరికాలు పట్టుకుని బొటనవేలితో నిమిరింది. "ఈడు ఏడస్తాడు పాపా. లేదనను. తల్లి లేకుంటే ఏ బిడ్డైనా ఏడస్తాది. కానీ ఈడు ఒంటిగా ఏడవలా. నా మింద ఏడస్తాండాడు. ఏడ్సనీ."

అప్పటికి మైకులో పాటలు అయిపోయాయి. వీధిలో ఎవరో నీళ్ళు చల్లుతున్న చప్పుడు. అత్త ఒక్కసారిగా తల ఎత్తి నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో, మార్గళి పుట్టిందా ఈ పొద్దు? అందుకా గంట ముందే లేపినాడు! ముగ్గెయ్యలేదే నేను. పెళ్ళైన కాడ్నుంచి మార్గళి తొలిపొద్దు ముగ్గు తప్పలేదే నాకు."

ఏ పండుగ ఏ తిథో పంచాంగం చూడకుండా చెప్పగలిగిన మనిషి మార్గళినే, ధనుర్మాసాన్నే మరిచిపోయింది. ఆమెకూ ఇన్నాళ్ళు పొద్దంటే నా పొద్దే, వాడి పొద్దే. ఆమె లేవబోయింది, మోకాళ్ళు పట్టేశాయి. నేను వాణ్ణి ఆమె ఒళ్ళో పెట్టి పిండి గిన్నె తీసుకున్నాను. వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లాను. నాకు చుక్కల ముగ్గు ఎప్పుడూ సరిగ్గా రాదు. అత్త గడపలో కూర్చుని, వాణ్ణి భుజాన వేసుకుని, "అట్ల కాదు, ఆ సుక్కను దాటించి తిప్పు. అయ్యో, కలిపేస్తివే" అంటూ ఉంది. ముగ్గు చివరికి ఒక పక్క ఒరిగిపోయింది. గుమ్మడిపూలు లేవు, ఏమీ లేవు. "ఉండనీ. దేవుడికి కండ్లు మసక" అంది. అంత జరిగాక కూడా ఇద్దరం నవ్వాము. తెల్లవారుతోంది. మొదటిసారి నేను ఇంటి నుంచి బయలుదేరే వేళకు వాడు కళ్ళు తెరిచి ఉన్నాడు.

రాజీనామా మాట మళ్ళీ ఎవరం ఎత్తలేదు. నేను చెప్పులు వెతుక్కుంటుంటే అత్తే అంది.

"ఇంక దొంగతనంగా పోవద్దు. నేను సెప్పిందే తప్పేమో. లేసి సూస్తే తల్లి లేదు, యాడికి పోయిందో తెలీదు, ఏడవడా మరి? ఈడికి సెప్పి పో. నీళ్ళు నువ్వు పోయినాక ఎండలో పోస్తా. అప్పుడు పండుకుంటాడు."

నెలల పిల్లవాడికి ఏం చెప్పాలి? సిగ్గనిపించింది. వీధిలో టీ అంగడి ముసలాయన అప్పుడే వచ్చి బెంచీ దించుతూ ఇటే చూస్తున్నాడు. అయినా వాడి ముఖం దగ్గరికి వంగి, "అమ్మ పనికి పోయొస్తుంది నాయనా. అన్నానికి వచ్చేస్తుంది. అవ్వ దగ్గర ఉండు" అన్నాను. వాడు నా ముక్కు పట్టుకోబోయాడు. గడపలోనే చెప్పులు తొడుక్కున్నాను. వాడు చూస్తుండగా ముగ్గు దాటి, వీధిలోకి దిగి నడిచాను.

నాలుగు అడుగులు వేయగానే వాడికి అర్థమైంది. ఏడుపు లేచింది. వీధి మలుపు దాకా నా వెనకే వచ్చింది. నేను తిరిగి చూడలేదు. చూస్తే వెళ్ళలేనని కాదు, చూస్తే అత్తకు కష్టమవుతుందని. ఆమె గొంతు కూడా వినిపిస్తూ ఉంది, వాడి ఏడుపుకు జవాబు చెప్తున్నట్టు, బొంగురుగా, తొందర లేకుండా.

ఎక్స్ఛేంజిలో హెడ్‌సెట్ తగిలించుకుని చిత్తూరు లైను పరీక్ష చేశాను.

"తిరుపతా? గుడ్ మార్నింగమ్మా. పిల్లోడు పడుకున్నాడా?"

"లేదక్కా" అన్నాను. "ఏడుస్తా ఉండాడు. వాళ్ళవ్వ ఎత్తుకోనుండాది."



"అట్లయితే సరే" అంది ఆమె. తర్వాత మొదటి కాలు కలిపింది.